ఏడో నెలలో హైదరాబాద్ నుంచి బెజవాడ పుట్టింటికి: కారా, రైలా, బస్సా, విమానమా?

పురుడు పుట్టింట్లోనే అని రెండు వైపులా అనుకున్నాక మొదలయ్యే చర్చ ఒకటే, అమ్మాయిని ఎలా తీసుకురావాలి అని. అల్లుడుగారు కారంటారు, నాన్నగారు రైలంటారు, పక్కింటావిడ "అమ్మో, కుదుపులకి నొప్పులొచ్చేస్తాయి" అంటుంది. నా ఓటు మాత్రం పగటి రైలుకే.

ముందు ఆ కుదుపుల భయం సంగతి. గర్భం మామూలుగా సాగుతుంటే రోడ్డు కుదుపులకి బిడ్డకేం కాదు, ఉమ్మనీరు కాపాడుతుంది. అసలు ఇబ్బంది గంటల తరబడి కదలకుండా కూర్చోవడంతో. కడుపుతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం ఎలాగూ పెరుగుతుంది, దానికి కాళ్లు వేలాడేసి కూర్చోవడం తోడైతే పిక్కల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంకోటి, దారిలో శుభ్రమైన బాత్రూమ్ దొరకదని మన ఆడవాళ్లు పొద్దున్నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఒంట్లో నీరు తగ్గితే కడుపు బిగపట్టినట్టు అవుతుంది, యూరిన్ ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. అందుకే నేను చూసేది రెండే: లేచి నడవొచ్చా, బాత్రూమ్ ఉందా.

ఈ రెండూ రైల్లో ఉన్నాయి. వందేభారత్ అయితే సికింద్రాబాద్ నుంచి విజయవాడకి సుమారు నాలుగు గంటలు, శాతవాహన ఎక్స్‌ప్రెస్‌కి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. గుంటూరు వాళ్లకి నల్గొండ మీదుగా వెళ్లే తిరుపతి వందేభారత్ ఉంది. మొదలయ్యే స్టేషన్లోనే ఎక్కుతాం కాబట్టి తొందరుండదు, హడావుడంతా దిగేటప్పుడే. ఇంటి నుంచి ఒకరు ప్లాట్‌ఫామ్ మీదకే వచ్చి సామాను అందుకుంటే అదీ తీరుతుంది. రాత్రి రైలు తప్పకపోతే డాక్టర్ సర్టిఫికెట్‌తో రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్లి లోయర్ బెర్త్ కోటా అడగండి.

పగటి రైలుకి టికెట్లు దొరక్కపోతే కారు. 270 కిలోమీటర్ల దాకా దూరం, ఐదు గంటలు వేసుకోండి, కాకపోతే గంటన్నరకోసారి ఆపి ఐదు నిమిషాలు నడవాల్సిందే. ఒంట్లో బాగోకపోతే సూర్యాపేటలోనో కోదాడలోనో ఆసుపత్రికి తిప్పేయొచ్చు, అది కారుకున్న పెద్ద సుఖం. సంక్రాంతి ముందు రోజుల్లో మాత్రం వద్దు, పంతంగి టోల్ దగ్గరే ప్రాణం విసిగిపోతుంది. పొట్ట నొక్కుతుందని బెల్ట్ తీసేయకండి. కింది పట్టీ పొట్ట కింద తొడల పైభాగానికి ఆనాలి, పై పట్టీ రెండు రొమ్ముల మధ్య నుంచి వచ్చి పొట్ట పక్కగా దిగాలి. సడన్ బ్రేక్ పడితే కాపాడేది అదే.

బస్సు వద్దు. మనకి కావాల్సినప్పుడు ఆగదు, లేచి నడవలేం, స్లీపర్‌లో పై బెర్త్ ఎక్కాలంటే ఈ ఒంటితో చాలా కష్టం.

విమానం ప్రమాదమేమీ కాదు, గాల్లో ఉండేది గంటే. కానీ శంషాబాద్ వెళ్లడం, అక్కడ ముందుగా చేరి కూర్చోవడం, గన్నవరం నుంచి మళ్లీ ఊళ్లోకి రావడం, అన్నీ కలిపితే రైలు కంటే మిగిలే టైమ్ పెద్దగా లేదు. చాలా ఎయిర్‌లైన్స్ 28 లేదా 32 వారాలు దాటాక డాక్టర్ లెటర్ అడుగుతాయి, 36 దాటితే సాధారణంగా ఎక్కించుకోవు. టికెట్ కొనేముందే కనుక్కోండి.

ప్రయాణాలకి 14 నుంచి 28 వారాల మధ్య అనువైన కాలం, పెద్దవాళ్లు చెప్పే ఏడో నెల ఇందులోకే వస్తుంది. తొమ్మిదో నెల దాకా లాగొద్దు. మాయ కిందికి ఉన్నా, బ్లీడింగ్ కనిపించినా, బీపీ ఉన్నా, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినా, కవలలైనా, ఏ బండి అన్నది తర్వాత, అసలు కదలొచ్చో లేదో మీ డాక్టర్ చెప్పాలి.

ఫైలు, స్కాన్ రిపోర్టులు, మందులు సూట్‌కేస్‌లో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. దారిలో బ్లీడింగ్ కనిపించినా, ఉమ్మనీరు పోయినా, కళ్లు మసకబారి తలనొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, ఇల్లు దగ్గరే కదా అని ఆగకండి. రైల్లో అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి, రోడ్డు మీద అయితే అంబులెన్స్ 108కి వెంటనే ఫోన్ చేయండి.