ఆత్మకథలు, ప్రేమ నవలలు, ఆడవాళ్ళ కథలు: నెల రోజుల చదువు

ఈ నెలంతా ఒక వరస పెట్టుకొని చదివాను. ముందు ఒక ఆత్మకథ, దాని వెంటనే ఒక ప్రేమ నవల, ఆ తర్వాత స్త్రీల జీవితం మీద రాసిన కథల పుస్తకమో నవలో. అది అయిపోగానే మళ్ళీ ఆత్మకథ. వీటిలో చాలావరకు నాకు కొత్తవేమీ కావు. కాలేజీ రోజుల్లో కొన్ని, పెళ్ళయ్యాక కొన్ని, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కొన్ని చదివినవే. అయితే మూడు రకాలనూ పక్కపక్కన పెట్టుకొని ఏకబిగిన చదవడం వేరు. ఒక పుస్తకం నోరు మెదపని విషయాన్ని పక్క పుస్తకం విప్పి చెప్పేస్తుంది. నాకు అలా అడుగడుగునా తగిలింది డబ్బు సంగతి. ఆ అమ్మాయి చేతిలో సొంత డబ్బు ఉందా, జీతం వస్తే అది ఎవరి చేతికి వెళుతోంది, రేపు ఇల్లు వదలాల్సి వస్తే ఆమె దగ్గర బస్సు చార్జీ అయినా ఉందా? ఈ ప్రశ్న పట్టుకొని చదివితే, ఎప్పుడో చదివేసిన పుస్తకాలు కూడా కొత్తగా తోచాయి.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' సంగతే ముందు చెబుతాను. తెలుగులో ప్రేమ నవల అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది అదే. 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. ఇప్పటికీ చదివిస్తుందా అంటే, నిస్సందేహంగా చదివిస్తుంది. రాత్రి అన్నాలయ్యాక పట్టుకున్నదాన్ని, కళ్ళు మంటలు పుట్టేదాకా కింద పెట్టలేకపోయాను. సంభాషణ నడపడంలో ఆవిడకున్న ఒడుపు అలాంటిది. రాజశేఖరం ఒక మాట అంటాడు, జయంతి దానికి తగ్గకుండా ఇంకో మాట అంటుంది, ఇద్దరి మనసులో ఉన్నది మాత్రం ఇద్దరూ చెప్పరు. ఆ చెప్పకపోవడం మీదే నవలంతా నిలబడింది. ఇద్దరూ ఒక సాయంత్రం కూర్చొని సూటిగా మాట్లాడుకుంటే కథ సగంలోనే తేలిపోయేది. ఈ లోపం నాకు తెలుస్తూనే ఉంది, అయినా పేజీ తిప్పుతూనే ఉన్నాను.

ఈసారి నాకు ఎక్కువ నచ్చింది రాజశేఖరం కాదు, జయంతి ఉద్యోగం. ఆ అమ్మాయి కాలక్షేపానికి ఉద్యోగం చేయదు. ఆ జీతం లేకపోతే ఇల్లు గడవదు. అరవైల్లో మధ్యతరగతి ఆడపిల్ల పొద్దున్నే తయారై ఆఫీసుకి వెళ్ళడం, యజమాని ఎదుట ఆత్మాభిమానంతో నిలబడడం, నెలాఖరుకి చేతిలో జీతం పడడం అప్పటి పాఠకులకు ఎంత పెద్ద సంగతో ఇప్పుడు ఊహించుకోవాలి. మా అమ్మ తరం ఆడవాళ్ళు రాజశేఖరం లాంటి మొగుడు రావాలని కలలు కన్నారని అందరూ అంటారు. జయంతిలా ఉద్యోగం చేయాలని కలలు కన్నవాళ్ళు కూడా తప్పకుండా ఉండి ఉంటారు, వాళ్ళ గురించి ఎవరూ రాయరు. నవలలో నాకు మింగుడుపడనిది కూడా అక్కడే ఉంది. ప్రేమించినవాడు, జీతమిచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ అమ్మాయి 'వద్దు' అనడానికి ఎంత ఖర్చవుతుందో రచయిత్రి పూర్తిగా లెక్క చూడలేదు.

సులోచనారాణే రాసిన 'మీనా'లో ఇంకో రకం. మీనాకి డబ్బుకి లోటు లేదు, తల్లి చూపించిన దారిలో నడవడం తప్ప తనకంటూ ఒక్క నిర్ణయమూ లేదు. పల్లెటూరికి వెళ్ళాక ఆ అమ్మాయికి ఊపిరి ఆడుతుంది. 'సెక్రటరీ' కంటే ఇదే మంచి నవల అని నా అభిప్రాయం. తల్లీకూతుళ్ళ మధ్య బిగుసుకుపోయిన ప్రేమను ఇంత దగ్గరగా పట్టుకున్న ప్రేమ నవల నేను ఇంకోటి చదవలేదు. కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమ్ నగర్' కూడా తీశాను. సినిమా మనసులోంచి పోక, నవలగా దాన్ని న్యాయంగా చదవలేకపోయాను, అందుకని దాని గురించి ఎక్కువ చెప్పను.

ఇక కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి'. నెల మొత్తంలో ఒక్క పుస్తకం ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. 2012లో వచ్చింది, అప్పటికి ఆవిడ తొంభై దాటారు. 1918లో పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఆ పెళ్ళి అంటే ఏమిటో తెలిసేలోపే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం. ఒంటి మీది నగలు కూడా పార్టీకే. ఆ తర్వాత భర్త ఆవిడను వదిలేశారు. ముప్ఫై ఐదేళ్ళు దాటాక హైదరాబాద్‌లో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. కాకినాడలో పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్‌గా పనిచేశారు. కొడుకునూ కూతురినీ ఇద్దరినీ పోగొట్టుకున్నారు.

ఇంత బరువున్న జీవితాన్ని ఆవిడ ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పారు. ఇది చదివినవాళ్ళంతా అనే మాటే. నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది ఆ చదువు రోజుల గురించి. తన కడుపున పుట్టిన పిల్లలు దూరంగా ఉండగా, తన కంటే ఎంతో చిన్నవాళ్ళ మధ్య కూర్చొని పాఠాలు చదవడం, ఖర్చులకు అప్పుడప్పుడూ రేడియోకి రాయడం... ఈ భాగం విప్లవ చరిత్ర కోసం చదివేవాళ్ళు గబగబా దాటేసే భాగం. నేను అక్కడే ఆగాను. రహస్య జీవితంలో అంత ధైర్యంగా బతికిన మనిషికి, చేతిలో ఒక సర్టిఫికెట్టు లేకపోతే నెలకింత అని జీతం రాదు. ఉద్యమానికి ఇచ్చిన ఏళ్ళను ఏ ఆఫీసులోనూ అనుభవం కింద రాసుకోరు. హాస్టల్ ఉద్యోగం వచ్చాక ఆవిడ రాతలో ఒక నిబ్బరం కనిపిస్తుంది. దశాబ్దాల తర్వాత, వయసు మళ్ళి జబ్బుపడ్డ సీతారామయ్యగారిని మళ్ళీ చూడాల్సి వచ్చిన ఘట్టం చదివేటప్పుడు నాకు ఆ నిబ్బరం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. ఆ మనిషి ఎదుట ఆవిడ దేనికీ చేయి చాచాల్సిన అవసరం లేదు.

దీని తర్వాత వెంటనే ప్రేమ నవల పట్టుకోలేకపోయాను. రెండు రోజులు ఏమీ చదవలేదు. వరస తప్పించి భానుమతి 'నాలో నేను' తీశాను. ఆత్మకథే అయినా ఈ నెలలో నేను చదివిన వాటిలో అసలైన ప్రేమకథ ఇదే. పద్నాలుగేళ్ళకే 1939లో 'వరవిక్రయం'తో తెరమీదికి వచ్చిన పిల్ల. కూతుర్ని హీరోలు తాకకూడదని షరతు పెట్టిన తండ్రి. 'కృష్ణప్రేమ' సినిమాకు సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న రామకృష్ణారావును ఆ పిల్ల ఇష్టపడి, నాన్న వద్దన్నా 1943లో పెళ్ళి చేసుకుంది. నవలల లెక్క ఇక్కడ తిరగబడింది. పేరున్న హీరోయిన్ ఆమె, అతను అసిస్టెంటు. కారు దిగి వచ్చే ఆరడుగుల కథానాయకుడు ఎక్కడా లేడు. పెళ్ళయ్యాక సినిమాలు మానేద్దామనుకున్న ఆమెను 'స్వర్గసీమ' మళ్ళీ లాక్కొచ్చింది. తర్వాత ఇద్దరూ కలిసి కొడుకు పేరుతో భరణీ సంస్థ పెట్టారు. రాతలో ఆవిడ గొంతు సినిమాల్లో విన్నట్టే ఉంటుంది, కాస్త గర్వం, బోలెడు చనువు. కొన్నిచోట్ల తన మాటే చివరి మాట అన్నట్టు రాశారు. ఎదుటివాళ్ళ వైపు నుంచి కూడా వింటే బాగుండు అనిపించింది. అయినా ఆ ధీమా నాకు ఇష్టం. నాకు తెలిసి ఆ తరంలో ఒక ఆడమనిషి 'నేను ఇతన్ని కోరుకున్నాను' అని ఇంత తడబడకుండా రాసుకున్నది అరుదు.

రంగనాయకమ్మ 'స్వీట్ హోం' గురించి చెప్పకపోతే ఈ నెల లెక్క పూర్తికాదు. విమల, బుచ్చిబాబుల కాపురం. నవ్విస్తూ నవ్విస్తూనే ఇంటిపని ఎవరిది, పొదుపు ఎవరిది, చదువు ఎవరికి అని ఒక్కో ముడీ విప్పుతుంది. మా ఆయనకి రెండు మూడు పేజీలు గట్టిగా చదివి వినిపించాను, ఆయనే పుస్తకం అడిగి తీసుకున్నారు. కుదిరితే మీ ఇంట్లో కూడా అలాగే చేయండి. ఇంకో సంగతి, ఆవిడ పుస్తకాలు ఎంత లావుగా ఉన్నా ధర తక్కువగా పెడతారు. ఇంటి ఖర్చులోంచి మిగిల్చి పుస్తకం కొనుక్కునే ఆడవాళ్ళకి అది చిన్న మేలు కాదు.

కథల్లో పి. సత్యవతి 'ఇల్లలకగానే' ఎన్నోసారి చదివానో తెలియదు. ఇల్లు తుడిచి, కడిగి, ముగ్గులు పెట్టి అద్దంలా ఉంచే గృహిణి ఒకరోజు తన పేరేమిటో మర్చిపోతుంది. పనిమనిషిని అడుగుతుంది, పిల్లల్ని అడుగుతుంది, మొగుణ్ణి అడుగుతుంది. వాళ్ళకు ఆమె అమ్మగారు, అమ్మ, ఏమోయ్. చివరికి పాత స్నేహితురాలు 'శారదా' అని పిలుస్తుంది. నాలుగైదు పేజీల కథ. ఒక పెద్ద నవల చేయాల్సిన పని చేసింది. అబ్బూరి ఛాయాదేవి 'తన మార్గం'లో వయసు మళ్ళిన తల్లి పిల్లల దగ్గరికి వెళ్ళకుండా ఒంటరిగా ఉండాలనుకుంటుంది. మళ్ళీ నా ప్రశ్నే వచ్చింది. ఆ మాట అనగలగాలంటే ముందు ఉండడానికి సొంతంగా ఒక చోటు, తినడానికి సొంతంగా ఒక ఆధారం ఉండాలి కదా. ఓల్గా 'విముక్త' కూడా చదివాను, 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చిన పుస్తకం. అడవిలో సీత శూర్పణఖను కలుసుకునే కథ నాకు ప్రాణం. శూర్పణఖ పెంచిన ఆ పూలతోట కోసమైనా చదవాలి. మిగతా కథల్లో మాత్రం పాత్రలు మాట్లాడాల్సిన చోట రచయిత్రి ఆలోచనలే మాట్లాడాయనిపించింది.

ఫోన్లో వచ్చే సీరియళ్ళను కూడా వదల్లేదు, ఎందుకంటే ఇవాళ ప్రేమకథల పాఠకులు ఎక్కువగా అక్కడే ఉన్నారు. ఒక యాప్‌లో మూడు కథలు మొదలుపెట్టి ఒకటి పూర్తిచేశాను. కాంట్రాక్టు పెళ్ళి, కోపిష్టి కంపెనీ యజమాని, అప్పుల్లో ఉన్న కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. అచ్చుతప్పులు విపరీతం. సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆపి, తర్వాతి భాగానికి డబ్బు కట్టమంటుంది. అది నాకు చిరాకు తెప్పించింది. కానీ కింద పాఠకులు రాసిన మాటలు చదవండి. 'అక్కా, పాప పడుకున్నాక చదువుతా, త్వరగా పెట్టండి' అని ఒకామె. 'రేపు మా అత్తగారి ఆపరేషన్, ఎల్లుండి రాస్తాను' అని రచయిత్రి జవాబు. ఒకప్పుడు వారపత్రిక కోసం ఎదురుచూసి, సీరియల్ పేజీలు చింపి దాచుకొని బైండు చేయించుకున్న ఆడవాళ్ళే నాకు కళ్ళముందు కనిపించారు. మా అమ్మ దగ్గర అలాంటి బైండు ఒకటి ఇంకా ఉంది. అంచులు కోసేశాక చివరి అక్షరాలు కొన్ని పోయాయి, అమ్మ వాటిని పెన్నుతో పూరించుకుంది. ఆ ఫోన్ కథల్లో ఒకటి రెండు నిజంగా బాగున్నాయి. అప్పు తీరాక కూడా పెళ్ళిలో ఉండాలా అని ఆ అమ్మాయి కాగితం మీద లెక్క వేసుకునే భాగం ఏ అచ్చు నవలకూ తీసిపోదు.

తెలంగాణ వైపు నుంచి, అక్కడి సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం 'నా మాటే తుపాకీ తూటా' చదివాను. ఆవిడ చెబుతుంటే విమల, కాత్యాయని రాసిన పుస్తకం. కోటేశ్వరమ్మగారు రాసుకున్నారు, స్వరాజ్యంగారు చెప్పారు. ఆ తేడా ప్రతి పేజీలో వినిపిస్తుంది. పాట వచ్చినచోట పాటే వస్తుంది, కోపం వచ్చినచోట కోపమే. దొరల కుటుంబంలో పుట్టిన పిల్ల, తన తలకు 10,000 రూపాయల వెల కట్టించుకునే దాకా వెళ్ళిన కథ ఇది. సంగం మాటలు, దళం మాటలు అలవాటు లేని పాఠకులకు మొదట్లో కొంచెం కష్టంగా ఉంటుంది. యాభై పేజీలు ఓపిక పట్టండి, ఆ తర్వాత ఆవిడే నడిపించుకుపోతుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' దొరికితే దీనితో కలిపి చదవండి. పోరాటం ఆగిపోయాక 'ఇంటికి వెళ్ళిపోండి' అనిపించుకున్న ఆడవాళ్ళ మాటలు అందులో ఉన్నాయి. వాళ్ళలో చాలామందికి వెళ్ళడానికి ఇల్లే లేదు.

కొనేవాళ్ళకి ఒకటి రెండు మాటలు. నేను తెప్పించుకున్న ఒక పాత నవల కొత్త ముద్రణలో ఒత్తులు సగం ఎగిరిపోయాయి, రెండు పేజీలు తలకిందులుగా కుట్టారు. దొరికితే పాత పాకెట్ బుక్కే నయం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుక్కోవచ్చు. కాచిగూడలో నవోదయ పుస్తకాల షాపుకి వెళితే ఆత్మకథలు ఒక్కచోటే చూసి ఎంచుకోవచ్చు. స్కాన్ చేసిన పాత పుస్తకాలను ఫోన్లో చదవడం మాత్రం మానుకోండి, అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది.

వరస విషయానికొస్తే, 'నాలో నేను'తో మొదలుపెట్టి 'మీనా', దాని తర్వాత 'స్వీట్ హోం' చదవమంటాను. 'నిర్జన వారధి'కి మాత్రం రెండు ఖాళీ సాయంత్రాలు చూసుకోండి, ఆ పూట వంట ఎవరికైనా అప్పజెప్పండి. ముదిగంటి సుజాతారెడ్డి ఆత్మకథ 'ముసురు' నాకు ఈ నెల చివర్లో చేతికందింది, వచ్చే నెల దానితోనే మొదలు.