చెన్నైలో ఉంటూ స్కూబా ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ: కొన్నేళ్లు పాఠాలు చెప్పాక నా సమీక్ష

ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేస్తే స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ తగిలించుకుని నీటి అడుగున ఈదడం) ఇంకా బాగా వస్తుందని డబ్బు కట్టేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లకు నా సలహా ఒకటే. ఆ డబ్బుతో అండమాన్ వెళ్లి హాయిగా డైవ్‌లు చేసుకోండి. ఈ కోర్సు మీకు డైవింగ్ నేర్పదు. ఎదుటివాడికి నేర్పడం ఎలాగో, నేర్పేటప్పుడు వాడు ప్రమాదంలో పడకుండా ఎలా కనిపెట్టుకుని ఉండాలో చెబుతుంది. ఆ పని మీద నిజంగా ఇష్టం ఉంటే మాత్రం పెట్టిన ప్రతి రూపాయీ దక్కుతుంది.

మాది నెల్లూరు. చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అది ఇప్పటికీ చేస్తున్నాను. సీజన్‌లో శని, ఆదివారాలు తీరం వెంట వెళ్లే ఈసీఆర్ రోడ్డు మీద, అప్పుడప్పుడు పుదుచ్చేరిలో పాఠాలు చెబుతాను. నేను వెళ్లింది ప్యాడీ దారిలో. డైవర్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ అది, 1966లో అమెరికాలో పుట్టింది. ఎస్‌ఎస్‌ఐ లాంటివి కూడా ఉన్నాయి కానీ వాటి గురించి నేను చెప్పలేను, చేయలేదు కాబట్టి.

మెట్లు డైవర్లకు తెలిసినవే. 18 మీటర్ల లోతు దాకా వెళ్లనిచ్చే ఓపెన్ వాటర్, 30 మీటర్లకు అడ్వాన్స్‌డ్, తర్వాత ఆపదలో ఉన్నవాళ్లను కాపాడడం నేర్పే రెస్క్యూ, ఇన్‌స్ట్రక్టర్‌కి సహాయకుడిగా ఉండేందుకు డైవ్‌మాస్టర్. ఆ పైన ఐడీసీ అనే ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, చివర ఐఈ అనే పరీక్ష. వయసు 18 నిండాలి, డాక్టర్ సంతకం చేసిన మెడికల్ ఫారం ఉండాలి, డైవర్‌గా సర్టిఫికెట్ వచ్చి కనీసం 6 నెలలు కావాలి. పరీక్షకు కూర్చునేసరికి, చేసిన డైవ్‌లు రాసుకునే లాగ్‌బుక్‌లో 100 డైవ్‌లు ఉండాలి.

ఈ 100 దగ్గరే అసలు తిరకాసు. ఏమీ రానివాణ్ణి కొన్ని నెలల్లో ఇన్‌స్ట్రక్టర్‌ని చేసేస్తామని ప్యాకేజీలు అమ్ముతారు. నిబంధనల ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ ఒకే ద్వీపంలో, ఒకే రెండు మూడు స్పాట్లలో, అద్దంలాంటి నీళ్లలో చేసిన 100 డైవ్‌లు వేరు. చెన్నై సముద్రంలో చేయి చాపితే వేళ్లు కనపడని రోజు చేసిన పది డైవ్‌లు వేరు. ఇక్కడ తీరంలో అలలు గట్టిగా ఉంటాయి, ఈశాన్య రుతుపవనాలు మొదలైతే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పని దాదాపు బంద్. మిగతా రోజుల్లో కూడా పొద్దున బాగున్న నీళ్లు మధ్యాహ్నానికి మురికిగా మారొచ్చు. డైవ్‌మాస్టర్ శిక్షణ నేను ఇక్కడే నిదానంగా, సీజన్లు మారుతుండగా చేశాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే మొత్తం దారిలో నాకు బాగా పనికొచ్చింది అదే. విజిబిలిటీ లేనప్పుడు మనిషిని బుడగల చప్పుడును బట్టి, కాళ్లకు తొడిగే ఫిన్స్ కదలికను బట్టి పోల్చుకోవడం ఏ పుస్తకంలోనూ ఉండదు.

డైవ్‌మాస్టర్‌లో ఈత పరీక్షలు ఉంటాయి. ఏ సామానూ లేకుండా 400 మీటర్లు ఆగకుండా ఈదాలి. మాస్క్, ఫిన్స్, స్నార్కెల్ (ఊపిరి గొట్టం)తో 800 మీటర్లు. 15 నిమిషాలు నీళ్లలో తేలుతూ ఉండాలి, అందులో చివరి 2 నిమిషాలు చేతులు బయట పెట్టి. స్పృహ లేనట్టు నటించే మనిషిని 100 మీటర్లు లాక్కెళ్లాలి. 400 మీటర్లు ఆరున్నర నిమిషాల్లోపు ఈదితే 5కి 5 మార్కులు. చెన్నైలోనే వేళచ్చేరి ఈతకొలనులో ఆఫీసుకు ముందు సాధన చేస్తుంటే మా నాన్న ఫోన్‌లో, "ఏందమ్మా ఇది, నీళ్లలోకి దిగేదానికి కూడా పరీక్షలా?" అన్నాడు. దిగడానికి కాదు నాన్నా, దిగినవాళ్లను పైకి తేవడానికి అని చెబితే ఇంకా భయపడ్డాడు, ఆ సంగతి వేరు.

ఇంక ఐడీసీ. నేను అండమాన్‌లో, స్వరాజ్ ద్వీప్‌లో చేశాను. పాత పేరు హేవ్‌లాక్. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు, అక్కడి నుంచి ఫెర్రీ. రెండు వారాలు పొద్దున్నుంచి రాత్రి దాకా చదువే. చేపల్ని చూసే తీరిక దొరకదు.

నీళ్లలో ప్రతి పాఠానికీ ఒక వరస ఉంటుంది. ముందు బ్రీఫింగ్, తర్వాత మనం చేసి చూపించడం, విద్యార్థి చేస్తుంటే తప్పు పట్టుకుని సరిదిద్దడం, చివర డీబ్రీఫింగ్. తోటి అభ్యర్థులే విద్యార్థులుగా నటిస్తారు. వాళ్లకు ఏ తప్పు చేయాలో, మాకు నేర్పే కోర్సు డైరెక్టర్ ముందే రహస్యంగా చెప్పి పెడతాడు. మాస్క్‌లో నీళ్లు తీసేటప్పుడు ఒకడు తల పైకెత్తడు, ఇంకొకడు ముక్కుతో ఊదడానికి బదులు నోటితో ఊదుతాడు. అది నీ కంట పడకపోతే మార్కు పోతుంది. చూపించడం కూడా మామూలుగా చేస్తే చాలదు. నోట్లోంచి జారిన రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం) వెతికి తీసుకోవడం లాంటి రెండు సెకన్ల పనిని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, నాట్యం నేర్పే గురువు అడుగులు చూపించినట్టు, అతిగా, నిదానంగా చేయాలి. మొదట్లో నాకు ఇదంతా నాటకంలా అనిపించింది. కానీ ఇన్‌స్ట్రక్టర్ అయ్యాక ప్రతి వారం అక్కరకొస్తున్నది ఈ నాటకమే. విద్యార్థి ఏం చేస్తున్నాడో కాదు, తర్వాతి మూడు సెకన్లలో ఏం చేయబోతున్నాడో చూడడం అలవాటవుతుంది.

థియరీకి చాలామంది టెన్షన్ పడతారు. ఫిజిక్స్, ఫిజియాలజీ, పరికరాలు, నైపుణ్యాలు-పరిసరాలు, డైవ్ ప్లానింగ్ అని ఐదు భాగాలు. ఒక్కోదానిలో 12 ప్రశ్నలు, 75 శాతం వస్తే పాస్. లెక్కలు ఇలా ఉంటాయి. సముద్రం అడుగున 150 కిలోల వస్తువుంది, అది 60 లీటర్ల నీటి చోటు ఆక్రమిస్తోంది, తేలాలంటే దానికి కట్టిన సంచిలో ఎన్ని లీటర్ల గాలి నింపాలి? లీటరు సముద్రపు నీరు 1.03 కిలోలు కాబట్టి 60 లీటర్లకు 61.8 కిలోల ఆసరా దొరుకుతుంది. మిగిలిన 88.2ని 1.03తో భాగిస్తే సుమారు 85.6 లీటర్లు. మన ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లకు ఇదేం పెద్ద బ్రహ్మవిద్య కాదు. ప్యాడీ నియమాల మీద ఇంకో పరీక్ష ఉంటుంది, అది పుస్తకం చూసి రాయొచ్చు.

ఐఈ రెండు రోజులు. నేర్పినవాళ్లు మార్కులు వేయరు, ప్యాడీ పంపిన ఎగ్జామినర్ వేస్తారు. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. నీళ్లలో పాఠాలకు 5కి 3.4 తెచ్చుకోవాలి. కోర్సు సరిగ్గా చేసినవాళ్లకు అది కష్టం కాదు.

మరి శిక్షణలో లేనిదేంటి? మన మనుషులు లేరు. తోటి అభ్యర్థులు ఎంత బాగా నటించినా, నిజంగా భయపడ్డవాడి కళ్లు వేరుగా ఉంటాయి. ఓసారి ఒంగోలు నుంచి భార్యాభర్తలు వచ్చారు, డిస్కవర్ స్కూబాకి, అంటే కొత్తవాళ్లు ఒక్కరోజు రుచి చూసే డైవ్‌కి. ఆయన "చిన్నప్పుడే చెరువులో ఈత నేర్చుకున్నా మేడమ్, నా గురించి మీకు దిగులొద్దు, ఈమెకే ఏమీ రాదు" అన్నారు. నీళ్లలోకి తల పెట్టగానే ఆయనే రెగ్యులేటర్ పీకేసి పైకి వచ్చేశారు. ఆమె మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ముక్కుతో పీల్చకూడదు, అంతే కదా అక్కా?" అని ఇంకోసారి అడిగి దిగింది. ఈత వచ్చినవాళ్లకు ఊపిరి బిగబట్టడం అలవాటు. స్కూబాలో చేయకూడని మొదటి పని అదే, ఎందుకంటే పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. మన ఊళ్లలో చెరువు ఈత వచ్చినవాళ్ల దగ్గర ఈ సంగతి కోర్సులో చెప్పినదానికంటే నాలుగు రెట్లు ఎక్కువగా చెప్పాలని నాకు అనుభవంలో తెలిసింది.

సైగలతో ఇంకో తంటా. బొటనవేలు పైకి చూపితే "పైకి వెళ్దాం" అని అర్థం. మనవాళ్లేమో "సూపర్" అనడానికి అదే చూపిస్తారు. నేను పైకి తీసుకెళ్తే "ఇప్పుడే కదా బాగుంది, ఎందుకు తెచ్చారు?" అని కోపం. తల అడ్డంగా, నిలువుగా కాకుండా మధ్యలో ఊపడం సరేసరి. అందుకే ఒడ్డు మీద సైగలు మాటలతో చెప్పి వదలను, ప్రశ్నలు అడిగి చేతులతో జవాబు చెప్పిస్తాను. పుస్తకాలు నాకు ఇంగ్లిష్‌లో వచ్చాయి, పడవ మీద అంతా తమిళం, విద్యార్థులతో తెలుగు. తెలుగులో చెప్పే ఇన్‌స్ట్రక్టర్ ఉందంటే నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వెతుక్కుని వచ్చేవాళ్లున్నారు.

ఒంటి కష్టం గురించి ఎవరూ ముందు చెప్పరు. అల్యూమినియం సిలిండర్ ఖాళీదే 14 కిలోలు, గాలి నింపితే ఇంకో రెండున్నర పైనే. అవి మోసేది మనమే. గాలి అయిపోయినప్పుడు పైకి ఈదుకుంటూ వచ్చే అభ్యాసం ఒకటుంది, 6 నుంచి 9 మీటర్ల లోతు నుంచి "ఆ" అంటూ ఊపిరి వదులుతూ రావాలి. విద్యార్థికి ఒకసారి. ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది విద్యార్థులుంటే అన్నిసార్లు, ఎక్కడం, దిగడం. సైనస్ ఉన్నవాళ్లు ఈ వృత్తి గురించి ఈఎన్‌టీ డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవడం మంచిది. ఓపెన్ వాటర్ కోర్సులో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి 8 మంది దాకా అనుమతి ఉంది. చెన్నై నీళ్లలో నేను ఇద్దరికి మించి తీసుకోను, దాంతో ఆదాయం తగ్గుతుంది. పోతే పోనీ.

డబ్బు సంగతి. నేను ఐడీసీ చేసిన చోట చెప్పిన ఫీజులో కోర్సు మాత్రమే ఉంది. పరీక్ష ఫీజు, పుస్తకాల కిట్, దరఖాస్తు రుసుము, ప్రథమ చికిత్స ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, ఇవన్నీ విడివిడిగా, ఒక్కోటి ఒక్కో రోజు బయటపెట్టారు. నాకు అది నచ్చలేదు, అప్పుడే అడిగాను కూడా. పాసయ్యాక ఏటా ప్యాడీ సభ్యత్వం కట్టాలి, కట్టకపోతే పాఠం చెప్పకూడదు. బీమా వేరు. మొత్తం కలిపి ఖర్చు లక్షల్లోకి వెళ్లింది. వారాంతాల సంపాదనతో అది తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. ఉద్యోగం మానేసి చెన్నైలో ఇదే చేసుకుని బతుకుతామంటే వర్షాకాలం నెలలకు ఇంకో దారి చూసుకోవాలి.

అన్నట్టు ఆ ప్రథమ చికిత్స ఇన్‌స్ట్రక్టర్ కార్డుతో మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీవాళ్లకు, ఆఫీసులో కొందరికి సీపీఆర్ నేర్పాను. డైవింగ్ జోలికి రానివాళ్లకు కూడా పనికొచ్చే ముక్క ఇదొక్కటే.

చేయాలనుకునేవాళ్లు ఫీజు కట్టే ముందు అన్ని ఖర్చులూ ఒకే కాగితం మీద రాసివ్వమని అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో కనుక్కోండి. ఐడీసీకి ముందు నిజమైన విద్యార్థుల కోర్సుల్లో సహాయకుడిగా నిలబడనిస్తారా అని తప్పకుండా అడగండి. తిరుగు విమానం టికెట్ ఐఈ రెండో రోజు సాయంత్రానికి మాత్రం తీసుకోవద్దు. వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, పైగా ఏదైనా ఒక భాగం పోతే అక్కడే మళ్లీ ఇచ్చే అవకాశం ఉంటుంది. దానికీ కాస్త సమయం చేతిలో ఉండాలి కదా.