షకుదోతో ఆరేళ్లు: జూకాలకు సరే, ఉంగరాలకు వద్దు

మాది కంసాలి ఇల్లు. వెలిగారం, టంకం నాన్న కుంపటి దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు టోక్యోలో, ఒకాచిమాచి నగల బజారుకు దగ్గర్లో పని చేసుకుంటున్నాను. ఇక్కడికి వచ్చాక నా మనసు దోచిన లోహం షకుదో.

రాగిలో నూటికి మూడు నుంచి ఆరు పాళ్లు బంగారం కలిపితే షకుదో. రేకుగా చూస్తే మామూలు రాగిలాగే ఉంటుంది. 'నిఇరో' అనే జపాన్ రంగు పద్ధతిలో, మందు కలిపిన నీళ్లలో ఉడకబెట్టాక మాత్రం నేరేడు పండు నలుపు వస్తుంది. పూర్వం సమురాయ్ కత్తుల అలంకారాలకు ఇది వాడేవారు. 1876లో కత్తి పెట్టుకుని తిరగడం నిషేధించాక ఆ పనివాళ్లు చాలామంది పూలకూజాలు, నగల వైపు మళ్లారు.

నిఇరో నీళ్లలో కలిపేవి మైలుతుత్తం, రొకుషో. రొకుషో అంటే రాగి చెంబుకు పట్టే పచ్చటి చిలుము లాంటిదే. రాగి గిన్నెలో నీళ్లు మరిగించి, వస్తువుకు తురిమిన ముల్లంగి పట్టించి ముంచాలి. ఆపకుండా కదుపుతూ ఉండాలి. మొదటి ఏడాది నాకు చాలా పాడయ్యాయి. వేలి జిడ్డు కాస్త తగిలినా అక్కడ మచ్చ తేలేది. బొగ్గుతో అరగదీసి, సోడాతో తోమి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోకుండా ఉంటేనే రంగు సమంగా వచ్చింది. పొదిగిన వెండి తీగ మాత్రం అదే నీళ్లలో తెల్లగానే ఉండిపోతుంది! మన బిద్రీలోనూ అంతే. అక్కడ లోహం వేరు, నలుపు తెచ్చేది బీదర్ కోట మట్టి, నవసాగరం. అయినా నలుపు మీద వెండి మెరిసినప్పుడు నాకు కలిగే ఆనందం ఒకటే.

ఇక అసలు లోపం. ఆ నలుపు పైన పట్టే సన్నని పొర మాత్రమే. ఒక జంటకు పెళ్లి ఉంగరాలు చేసిచ్చాను. కొన్ని నెలలకే అంచుల్లో ఎర్ర రాగి బయటపడింది. వాళ్ల ముఖాలు చూసి చాలా బాధేసింది. డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిచ్చాను. అప్పటినుంచి ఉంగరం అడిగితే, రాపిడి తగలని గుంటల్లోనే షకుదో పొదుగుతాను.

జూకాలకు, లాకెట్లకు మాత్రం నిస్సందేహంగా వాడొచ్చు. మా ఆవిడ జూకాలు చేసి నాలుగేళ్లయింది. మధ్యలో ఒక్కసారి మెరుగు పెట్టి మళ్లీ ఉడికించాను, అంతే.