వేటకు తొలి బైనాక్యులర్: నికాన్ మోనార్క్ ఎం5 8×42

వేట కోసం మొదటిసారి బైనాక్యులర్ కొనేవారు ముందుగా అడిగేది అందులోంచి ఎంత దూరం కనిపిస్తుందని. అంతకంటే అవసరమైన ప్రశ్న మరొకటి ఉంది. పొద్దు గుంకిన తరువాతి మసక వెలుతురులో, పొదల నీడన నిలబడిన ఆకారం ఆడజంతువో మగజంతువో, దాని వెనుక పిల్లలు ఉన్నాయో లేవో, అసలది జంతువో మనిషో ఈ పరికరంతో నిశ్చయంగా తేల్చుకోగలమా? నికాన్ మోనార్క్ ఎం5 శ్రేణిలోని 8×42 మోడల్‌ను ఈ దృష్టితోనే, అదే శ్రేణిలోని 10×42తో పోల్చి చూశాను. వేటకు కొత్తవారు తిరిగే ప్రదేశం చెట్లూ పొదలూ ఉన్నదైతే 8×42నే ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

ఈ అంకెలలో మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో తెలుపుతుంది. రెండవది ముందు లెన్స్ వ్యాసం, మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు కంటి వైపు వెలువడే కాంతి పుంజం వెడల్పు. 10×42లో అది 4.2 మాత్రమే. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకొని ఉంటుంది కనుక, దుకాణంలో వెలుగు బాగా ఉన్న వేళ పరీక్షించినవారికి ఈ రెండింటి నడుమ వెలుతురులో తేడా తెలియదు. జంతువులు మేతకు కదిలే తెల్లవారుజామునా సాయంసంధ్యలోనూ కంటిపాప విప్పారుతుంది. అప్పుడు 8×42 చూపే దృశ్యం ఒకటిన్నర రెట్ల వరకు కాంతివంతంగా ఉంటుంది. పెద్ద రెట్లలో చిన్న వివరాలు బాగా తెలుస్తాయి కదా, ఆ మేలు మసక వెలుతురులోనూ ఉంటుంది కదా అని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదన నిజమే, కానీ బైనాక్యులర్ కదలకుండా ఆనించి ఉన్నప్పుడే అది నిలుస్తుంది. ఎత్తు ఎక్కి రొప్పుతున్న మనిషి చేతిలో వణుకు కూడా పది రెట్లు పెరుగుతుంది. కొమ్ముల శాఖలు లెక్కపెట్టడం అప్పుడు 8 రెట్లలోనే సులువు.

జేబులో పట్టే 10×25 మడత బైనాక్యులర్లు చాలామందిని ఆకర్షిస్తాయి. వాటి కాంతి పుంజం వెడల్పు 2.5 మిల్లీమీటర్లే. వేటలో విలువైన ఆ చివరి అరగంటకు అవి పనికిరావు. రెట్లు మార్చుకొనే జూమ్ రకాలను, ముందు లెన్స్‌పై ఎర్రగా మెరిసే పూత ఉన్నవాటిని కూడా నేను ఎవరికీ సిఫారసు చేయను.

దృశ్య క్షేత్రం విషయంలో ఎం5 8×42 కోణం 6.4 డిగ్రీలు, అంటే వెయ్యి మీటర్ల దూరాన సుమారు 112 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది, 10×42లో 5.6 డిగ్రీలు, సుమారు 98 మీటర్లు. యాభై మీటర్ల దూరంలో కొమ్మల మధ్య నడిచిపోతున్న జింకను కళ్ళతో చూసి, వెంటనే బైనాక్యులర్ ఎత్తి మళ్ళీ పట్టుకోవలసి వచ్చినప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. పైగా తక్కువ రెట్లలో ఫోకస్ లోతు ఎక్కువగా ఉండటం వల్ల, ముందున్న ఆకులూ వెనుకనున్న మూపూ రెండూ ఫోకస్ చక్రాన్ని అంతగా తిప్పకుండానే తేటపడతాయి. అయినా 6.4 డిగ్రీలు ఈ తరగతిలో విశాలమైన క్షేత్రమేమీ కాదు. ఇదే సంస్థ ఎం7 8×42లో 8.3 డిగ్రీలు ఇస్తోంది. అదనపు ఖర్చు భరించగలిగినవారు, ముఖ్యంగా దట్టమైన అడవిలో వేటాడేవారు, దానిని కూడా చూడటం మంచిది. ఎం5 గురించి నాకున్న ప్రధానమైన అసంతృప్తి ఇదొక్కటే.

గాజు నాణ్యత మీదనే ఈ మోడల్ నిజమైన విలువ ఆధారపడి ఉంది. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటి సుమారు 4 శాతం కాంతిని వెనక్కి తిప్పేస్తుంది. అటువంటి ఉపరితలాలు పది దాటితే లోపలికి వచ్చిన వెలుతురులో మూడో వంతు దారిలోనే పోతుంది. అందుకే పెట్టెపై ఉత్త ‘కోటెడ్’ అని కాక ‘ఫుల్లీ మల్టీకోటెడ్’ (అన్ని గాజు ఉపరితలాలకూ పలుపొరల పూత) అని ఉందో లేదో చూడాలి. తలకిందులైన చిత్రాన్ని సరిచేసే లోపలి గాజు దిమ్మను ప్రిజం అంటారు. నిటారు గొట్టాలుండే రూఫ్ ప్రిజం బైనాక్యులర్లలో సాధారణంగా ఆ ప్రిజంలోని ఒక ఉపరితలానికి అద్దం వంటి పూత తప్పనిసరి. చవక రకాలలో అది అల్యూమినియం కావడంతో కాంతి మరికొంత తగ్గుతుంది. ఎం5లో అక్కడ కాంతిని దాదాపు పూర్తిగా తిప్పి పంపే డైఎలెక్ట్రిక్ (లోహం కాని) బహుళపొరల పూత ఉంది, ప్రిజంకు ఫేజ్ కరెక్షన్ పూత కూడా ఉంది. ఈ రెండవ పూత లేని రూఫ్ ప్రిజంలో సన్నని గీతలు అలుక్కుపోతాయి. ఈడీ గాజు (రంగులు విడిపోవడాన్ని తగ్గించే ప్రత్యేక గాజు) వల్ల వెలుగు నిండిన ఆకాశం ముందు నల్లగా కనిపించే కొమ్ముల అంచుల వెంట ఊదారంగు చార దాదాపు కనిపించదు. ఖర్చు మరీ పరిమితమైనవారికి పాతకాలపు వంకర గొట్టాల పోరో ప్రిజం రకం మేలు. దానికి ఈ ప్రత్యేక పూతల అవసరం లేదు కనుక అదే ఖర్చులో చిత్రం మరింత తేటగా ఉండే అవకాశముంది. అయితే అది లావుగా ఉంటుంది, వానకు తట్టుకొనేలా మూసివేయడం కష్టం.

బరువు 630 గ్రాములు. మెడపట్టీతో రోజంతా మోస్తే మెడ లాగుతుంది కనుక, భుజాల మీదుగా వేసుకొనే జీను పట్టీని విడిగా తీసుకోవడం మంచిది. కంటికీ లెన్స్‌కూ మధ్య 19.5 మిల్లీమీటర్ల దూరం వరకు పూర్తి దృశ్యం కనిపిస్తుంది కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకొనేవారికి ఇది ఎంతో అనువైనది. లోపల నైట్రోజన్ నింపి ఉండటం వల్ల చలిలో అద్దాల లోపల ఆవిరి పట్టదు. మన ఊపిరి తగిలి పైన పట్టే ఆవిరిని మాత్రం తుడుచుకోక తప్పదు.

కొన్న రోజే ఎడమ కంటికి మధ్య చక్రంతోనూ, ఆ తరువాత ఎడమ లెన్స్ మూసి కుడి కంటికి, ఆ ఒక్క వైపే స్పష్టతను సరిచేసే డయాప్టర్ వలయంతోనూ ఒకే దూరపు వస్తువుపై స్పష్టత సరిచేసుకోవాలి. దీనిని వదిలేసినవారు తలనొప్పి వస్తోందని మంచి బైనాక్యులర్‌ను తిట్టుకోవడం తరచుగా చూస్తాం.

రైఫిల్‌పై స్కోప్ ఉంది కదా, బైనాక్యులర్ ఎందుకని అడిగేవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. స్కోప్‌తో వెతకడమంటే కనిపించిన ప్రతిదాని మీదకు తుపాకి గొట్టాన్ని తిప్పడమే. ఆ పొద వెనుక ఉన్నది తోటి వేటగాడైతే అతని గుండెకే గురిపెట్టినట్లు. గుర్తింపు పూర్తిగా బైనాక్యులర్‌తో ముగిసిన తరువాతనే తుపాకి పైకి లేవాలి. తొలి రైఫిల్ కొనేటప్పుడు బైనాక్యులర్‌కు కూడా డబ్బు తప్పనిసరిగా మిగుల్చుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక 10×42 ఎవరికంటే, ఎదుటి కొండవాలును ఒకేచోట కూర్చొని గంటల తరబడి ముక్కలు ముక్కలుగా గాలించేవారికి. మోచేతులు మోకాళ్ళపై ఆనించి గానీ, అడాప్టర్‌తో ట్రైపాడ్‌కు బిగించి గానీ చూసినప్పుడు, 8 రెట్లలో రాయిలా కనిపించినది పడుకొన్న జింక వీపని 10 రెట్లలో తేలవచ్చు. అటువంటి నేలలో వేటాడేవారు నా సిఫారసును పక్కనపెట్టి దానినే తీసుకోవచ్చు.