పాటల సీడీలో పేర్లు నిలవాలంటే ఏది మేలు?

పర్లాకిమిడి నుంచి ఆర్.ఉదయగిరి వైపు ఘాటీ ఎక్కుతుంటే ఏదో ఒక మలుపులో ఫోన్ పాట ఆగిపోతుంది. సిగ్నల్ ఉండదు. అందుకే ఒడిశాలోని మన జిల్లాల్లో పాత బొలెరోల్లో, మారుతీల్లో సీడీ స్టీరియోలు ఇంకా ఊపిరితోనే ఉన్నాయి. ఇళ్లలో టీవీ కింద డీవీడీ ప్లేయర్లూ అలాగే ఉన్నాయి. పెళ్లి ప్రయాణానికో, రథయాత్రకో, ఇంట్లో పెద్దవాళ్ల కోసమో ఎవరో ఒకరు పాటలు ఏరి సీడీ రైట్ చేస్తూనే ఉంటారు.

చిక్కంతా ఆ తర్వాతే. డిస్కు పెడితే తెరమీద ‘ట్రాక్ 07’ అని తప్ప ఇంకేమీ రాదు. మన సంకలనాలు అసలే రెండు భాషల కలగలుపు. ఘంటసాల తర్వాత అక్షయ మహంతి వస్తాడు, సుశీల తర్వాత భికారి బల్ పాడిన జగన్నాథ భజన వస్తుంది. వెనక సీట్లో పిన్నికి ఆ ఒడియా గొంతు ఎవరిదో తెలీదు. ముందు సీట్లో ఉన్న ఒడియా స్నేహితుడికి ఘంటసాల ఎవరో తెలీదు. పాట బాగుందనుకున్నవాళ్లు మళ్లీ వెతుక్కోవాలంటే పేరు కనబడాలి కదా.

పేర్లు రాకపోవడం రైట్ చేసినవాళ్ల తప్పు కాదు. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఆడియో సీడీకి నియమాలు రాసుకున్నప్పుడు అందులో పాట పేరుకి చోటే పెట్టలేదు. డిస్కులో ఉండేది శబ్దం, ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక. అంతే. కంప్యూటర్లో ఫైళ్లకి మీరు ఎంత ముచ్చటగా పేర్లు పెట్టుకున్నా, మామూలు ఆడియో సీడీగా రాసేసరికి అవన్నీ రాలిపోతాయి.

దీనికి దారులు మూడున్నాయి. మొదటిది నెట్‌ని నమ్ముకోవడం. రెండోది ఆడియో సీడీలోనే సీడీ టెక్స్ట్ రాయించడం. మూడోది ఎంపీత్రీ సీడీ చేసి ట్యాగులు, అంటే ఫైలు లోపలే ఉండే పాట వివరాలు, సరిగ్గా పెట్టడం.

మొదటిదాన్ని త్వరగా పక్కన పెట్టేద్దాం. కంపెనీ సీడీ కంప్యూటర్లో పెడితే పేర్లు టకటకా వచ్చేస్తాయి, అవి డిస్కులోనే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి కంప్యూటర్ చేసేది వేరు. ఎన్ని పాటలున్నాయి, ఒక్కోటి ఎంత నిడివి అన్న పట్టికని చూసి, గ్రేస్‌నోట్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి, సీడీల వివరాలు దాచే నెట్ ఖాతాల్లో అదే కొలతలున్న డిస్కుని వెతుకుతుంది. కంపెనీ డిస్కు కొన్నవాళ్లు ఎంతోమంది, కాబట్టి ఎవరో ఒకరు వివరాలు ఎక్కించే ఉంటారు. మీరు ఏరి కూర్చిన డిస్కు మాత్రం లోకంలో ఒక్కటే. దాని కొలతలు ఏ ఖాతాలోనూ ఉండవు. ఒక్కోసారి కొలతలు ఇంకో డిస్కుకి దగ్గరగా పడి సుశీల పాట మీద ఎవరో జర్మన్ బ్యాండు పేరు వచ్చి కూర్చుంటుంది. నవ్వుకోడానికి బాగుంటుంది గానీ పనికి రాదు. పైగా జీపులో స్టీరియోకి నెట్ ఎక్కడుంది?

ఇక్కడే షాపుల్లో ఒక తిరకాసు జరుగుతుంది. సీడీ రైట్ చేసిన కుర్రాణ్ణి “పేర్లు పడ్డాయా బాబూ?” అని అడిగితే, “పడ్డాయి మామయ్యా, ఇదిగో చూడండి” అని తన కంప్యూటర్లోనే పెట్టి చూపిస్తాడు. పేర్లు కనిపిస్తాయి కూడా. కానీ అవి డిస్కులోంచి వచ్చినవని నమ్మకం లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒకసారి చూసిన డిస్కు పట్టికని, దాని పేర్లని ఆ కంప్యూటర్లోనే గుర్తు పెట్టుకుంటాయి. కుర్రాడు మోసం చేస్తున్నాడని కాదు, అతనికీ అలాగే కనిపిస్తోంది. కావాల్సింది ఇంకో మెషీన్, అదీ నెట్ తీసేసి. వీలైతే మీ కారు స్టీరియోలోనే పెట్టి చూసి డబ్బులివ్వండి.

ఇక సీడీ టెక్స్ట్. 1980 నాటి లోటుని పూడ్చడానికి 1996లో వచ్చిన అదనపు ఏర్పాటు ఇది. పాటలు మొదలవకముందు డిస్కు లోపలి అంచున ఒక భాగం ఉంటుంది. పట్టిక ఉండేది అక్కడే. అందులో మిగిలిన సందుల్లో పేర్లు రాస్తారు. సుమారు 5,000 అక్షరాలు పడతాయి. ఆడియో సీడీలో 80 నిమిషాలే కాబట్టి మన సినిమా పాటలు 20, 22కి మించి పట్టవు. పాట పేరు, పాడినవాళ్లు, డిస్కు పేరు అన్నీ రాసినా చోటు మిగిలే ఉంటుంది. పాడినవారు, రాసినవారు, స్వరకర్త అని విడివిడి గడులున్నాయి, కానీ కారు తెరల మీద సాధారణంగా వచ్చేది పాట పేరు, పాడినవారి పేరే. సంగీత దర్శకుడి పేరు కూడా కావాలనుకుంటే పాట పేరు గడిలోనే గీత పెట్టి ఇరికించడం తప్ప మార్గం లేదు. నేనైతే సినిమా పేరు అలా ఇరికిస్తాను. మనవాళ్లు పాటని గుర్తుపట్టేది ముందు సినిమాతోనే.

రాయించడంలో పట్టు ఒకటుంది. సీడీ టెక్స్ట్ పడాలంటే డిస్కు మొత్తం ఒకే దెబ్బలో రాయాలి. రైటింగ్ సాఫ్ట్‌వేర్లో ‘డిస్క్ ఎట్ వన్స్’ అన్నది అదే. పాట పాటకీ ఆగి రాసే పద్ధతి ఎంచుకుంటే పేర్లు పోతాయి, మధ్యలో రెండేసి సెకన్ల ఖాళీ కూడా వస్తుంది. హరికథ రికార్డింగులకి, ఆపకుండా సాగే కీర్తనలకి ఆ ఖాళీ పంటికింద రాయే. విండోస్ మీడియా ప్లేయర్‌తో చేసిన ఆడియో సీడీలో సీడీ టెక్స్ట్ పడదు. దాంతో పని పెట్టుకోవద్దు. నీరో, ఇమ్‌గ్‌బర్న్, లినక్స్ వాడేవాళ్లకి కేత్రీబీ, వీటిలో ఏదైనా సరిపోతుంది. ఐట్యూన్స్‌లో బర్న్ సెట్టింగ్స్ తెరిస్తే సీడీ టెక్స్ట్ చేర్చాలా అని ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని చూడను కూడా చూడరు. అక్కడ టిక్కు పెట్టాలి.

అంతా సరిగ్గా చేసినా చదివేవాడు కావాలి. సీడీ టెక్స్ట్ చదివే కారు స్టీరియోలు ఉన్నాయి, చదవనివీ ఉన్నాయి. ముందు పలక మీద ‘సీడీ టెక్స్ట్’ ముద్ర ఉంటే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. ఇంట్లో డీవీడీ ప్లేయర్లు మాత్రం చాలావరకు దాన్ని పట్టించుకోవు. కష్టపడి రాసిన పేర్లు టీవీ తెరకి ఎక్కవు.

ఎంపీత్రీ సీడీలో లెక్కే మారిపోతుంది. ఇది పాటల డిస్కు కాదు, ఫైళ్ల డిస్కు. 700 ఎంబీ డిస్కులో 128 కేబీపీఎస్ (సెకను పాటకి ఎంత డేటా అన్న కొలత) పాటలైతే 12 గంటల పైన పడతాయి, 192 అయితే 8 గంటలు దాటుతాయి. బరంపురం నుంచి జయపురం దాకా వెళ్లినా డిస్కు మార్చక్కర్లేదు. పేర్లు ప్రతి ఫైలులోనే, ఐడీత్రీ ట్యాగు అనే గడుల్లో ఉంటాయి కాబట్టి డిస్కులోకి ఫైలుతో పాటే వచ్చేస్తాయి. మళ్లీ కంప్యూటర్లోకి దింపుకున్నా పేర్లు ఫైలుని వదిలిపెట్టవు. ఆడియో సీడీకి లేని సుగుణం ఇది.

అయితే ఆ గడుల్లో ఏముందో చూసుకోవాలి. నెట్‌లోంచి దిగిన పాత పాటల ట్యాగులు తెరిచి చూశారా ఎప్పుడైనా? గాయకుడి గడిలో వెబ్‌సైటు పేరు, ఆల్బమ్ గడిలో మళ్లీ అదే వెబ్‌సైటు పేరు, కామెంటు గడిలో ఇంకో ప్రకటన. ఘంటసాల పేరు ఎక్కడా ఉండదు. ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో ఫైళ్లన్నీ ఒకేసారి ఎంచుకుని ఆ చెత్త గడులు ఒక్క వేటుతో ఖాళీ చెయ్యొచ్చు. ఆ తర్వాత ఒక్కో పాటకీ కూర్చుని రాయాలి. యుగళగీతమైతే ఇద్దరి పేర్లూ రాయండి. ఒకే మనిషి పేరు ఒకే తీరుగా రాయండి. ఘంటసాల పేరులో మొదటి ఇంగ్లిష్ అక్షరం తర్వాత ఒకచోట హెచ్ పెట్టి, ఇంకోచోట మానేస్తే ప్లేయర్ లెక్కలో ఇద్దరు ఘంటసాలలు తయారవుతారు. బాలసుబ్రహ్మణ్యంగారి సంగతి చెప్పక్కర్లేదు. ఎస్పీబీ, ఎస్.పి. బాలు, పూర్తి పేరు కలిపి ముగ్గురు.

సంకలనాలకి మాత్రమే వచ్చే గొడవ ఇంకొకటుంది. ఆల్బమ్ గడిలో అన్నిటికీ ‘పెళ్లి పాటలు’ అని ఒకే పేరు పెట్టినా, గాయకులు వేరు కాబట్టి ఫోన్లు, కొత్త స్టీరియోలు వాటిని ఇరవై ఆల్బమ్‌లుగా ముక్కలు చేసి చూపిస్తాయి. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అని విడిగా ఒక గడి ఉంటుంది. అందులో అన్ని పాటలకీ ఒకే మాట, ‘వేరియస్ ఆర్టిస్ట్స్’ అనో, మీ ఇంటిపేరో, పెట్టండి. ముక్కలన్నీ ఒక్కటవుతాయి. గాయకుడి గడి చెడగొట్టకుండానే ఈ పని జరుగుతుంది.

డీవీడీ ప్లేయర్లు, పాత స్టీరియోలు చాలావాటికి ట్యాగులతో పని లేదు. ఫైలు పేరే చూపిస్తాయి, ఆ పేర్ల వరసలోనే పాడతాయి. అందుకని ఫైలు పేరులోనే ముందు 01, 02 అని అంకె, ఆ వెనక పాట, ఆ వెనక గాయకుడు ఉండాలి. అంకెకి ముందు సున్నా మరిచిపోతే కొన్ని ప్లేయర్లలో 1 తర్వాత 10 వస్తుంది. తెరమీద పట్టేవి కొద్ది అక్షరాలే కాబట్టి ‘ఓల్డ్ తెలుగు సూపర్ హిట్’ లాంటి తోకలు తీసేసి అసలు పేరు ముందుకి తేవాలి.

ఇక లిపి సంగతి. 1936లో ఒడిశా విడి రాష్ట్రమై పర్లాకిమిడి అందులో కలిసింది మొదలు మన ఇళ్లలో ఒకే గదిలో రెండు లిపులు నడుస్తున్నాయి. తెలుగు మాత్రమే చదివే నాయనమ్మ, బడిలో ఒడియా నేర్చుకుని తెలుగు మాట్లాడగలిగినా చదవలేని మనవడు. డిస్కులో పేర్లు తెలుగులో రాద్దామన్న కోరిక సహజమే. సీడీ టెక్స్ట్‌లో అది కుదరదు. అది ఒప్పుకునేది ఇంగ్లిష్, యూరప్ భాషల అక్షరాలు, జపాన్ అక్షరాలు. తెలుగుకీ ఒడియాకీ అందులో చోటు లేదు. ఎంపీత్రీలో కుదురుతుంది. ఐడీత్రీ రెండో తరం ట్యాగులు అన్ని లిపులకీ చోటున్న యూనికోడ్‌ని ఒప్పుకుంటాయి, కాబట్టి ఘంటసాల తెలుగులో, అక్షయ మహంతి ఒడియాలో పక్కపక్కనే ఉండొచ్చు. ఫోన్‌లో చక్కగా కనిపిస్తాయి కూడా. పాత కారు స్టీరియోలో మాత్రం గళ్లో, ప్రశ్నార్థకాలో వస్తాయి. పాతకాలం మొదటి తరం ట్యాగులో పాట పేరుకి 30 బైట్లే చోటు. యూనికోడ్‌ని రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పోతాయి, గుణింతాలూ వత్తులూ విడిగా లెక్క. అంటే నాలుగైదు అక్షరాలకే చోటు అయిపోతుంది.

నా మటుకు డిస్కులో ఇంగ్లిష్ అక్షరాలే రాస్తాను. మనవడూ చదువుతాడు, స్టీరియో చదువుతుంది. నాయనమ్మకి కవరులో కాగితం పెడతాను, వరస నంబర్లతో, పెద్ద తెలుగు అక్షరాలతో. సీడీ టెక్స్టూ ట్యాగూ కలిసి చెయ్యలేని పని ఆ కాగితం చేస్తుంది. దాన్ని చిన్నచూపు చూడొద్దు.

మరి ఏది మేలు? స్టీరియో మీద ‘ఎంపీత్రీ’ అని రాసి ఉంటే మరో ఆలోచన వద్దు, ఎంపీత్రీ సీడీయే. పేర్లు ఎక్కువ, పాటలు ఎక్కువ, తప్పు దొర్లితే ఫైలు దిద్దుకుని ఇంకో డిస్కు రాసుకోవచ్చు. ఆడియో సీడీ తప్ప ఇంకేదీ పాడని పాత ప్లేయర్ ఉన్నవాళ్లకి ఇచ్చే డిస్కయితే సీడీ టెక్స్ట్‌తో ఆడియో సీడీ చెయ్యండి. అక్కడ పేర్లు కనబడకపోయినా పాటైనా మోగుతుంది. ఎంపీత్రీ సీడీ అలాంటి ప్లేయర్లో అసలు మోగదు. బహుమతిగా ఇస్తూ అవతలివాళ్ల దగ్గర ఏముందో తెలియనప్పుడు కూడా ఆడియో సీడీకే నా ఓటు. రెంటికీ ముందు చెయ్యాల్సిన పని మాత్రం ఒకటే, ట్యాగులు శుభ్రం చేసుకోవడం. ఐట్యూన్స్ లాంటివి సీడీ టెక్స్ట్‌కి కావాల్సిన పేర్లు ఆ ట్యాగుల్లోంచే తీసుకుంటాయి, కాబట్టి ఒకసారి పడ్డ కష్టం రెండు డిస్కులకీ పనికొస్తుంది. ఒక మాట, ఎంపీత్రీని ఆడియో సీడీగా మార్చినంత మాత్రాన నాణ్యత పెరగదు. పోయిన శబ్దం తిరిగి రాదు.

డిస్కు కొనేటప్పుడు ఒక్కసారే రాయగలిగే సీడీ-ఆర్ అడగండి. మళ్లీ మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ కాంతిని తక్కువగా తిప్పి పంపుతుంది, పాత ప్లేయర్లు దాన్ని చదవలేక మొరాయిస్తాయి. పైన పేరు రాయడానికి మెత్తటి మొన ఉన్న మార్కరు వాడండి. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే దెబ్బ తగిలేది పై వైపే, రికార్డు పొర ఆ పలచటి లక్క కిందే ఉంటుంది. ఎండలో డాష్‌బోర్డు మీద వదిలేస్తే రంగు పొర పాడవుతుంది. ఇక మీరు కొన్న క్యాసెట్లు, సీడీల్లోంచి ఇంటికోసం చేసుకునే మాట వేరు, కాపీలు తీసి బజార్లో అమ్మితే నేరం.

స్టీరియోకి యూఎస్‌బీ సందు ఉంటే ఈ బాధంతా లేదు. పైన చెప్పిన ట్యాగులతో, ఫైలు పేర్లతో పెన్‌డ్రైవ్ పెట్టుకోండి. పాత స్టీరియోలు చాలావరకు ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసినదాన్నే చదువుతాయి, అది మాత్రం చూసుకోండి.