సన్నటి గేమింగ్ ల్యాప్‌టాప్‌తో మూడు వేసవులు

2022 ఆగస్టులో కొన్నాను. 15.6 అంగుళాల తెర, 1.9 కిలోల బరువు, రెండు సెంటీమీటర్ల లోపు మందం. లోపల రైజెన్ 7 6800హెచ్‌ఎస్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ మందంలో వచ్చే మెషీన్లన్నిటిదీ దాదాపు ఇదే కథ కాబట్టి. వారంలో మూడు రోజులు హైదరాబాద్ ఆఫీసు, మిగతా రోజులు విజయవాడలో ఇంటి నుంచి పని. రైల్లో భుజాన వేసుకుని తిరగాలి, రాత్రి గేమ్ ఆడుకోవాలి. అందుకే సన్నదే కావాలనుకున్నాను.

వేడి సంగతి మొదటి వేసవి వచ్చేదాకా తెలియలేదు. 2023 మే నెలలో ఒక మధ్యాహ్నం ఏసీ లేని ముందుగదిలో సైబర్‌పంక్ 2077 గేమ్ పెట్టాను. గదిలో 38 డిగ్రీలు. పావుగంట తిరిగేసరికి ప్రాసెసర్ 95కి, గ్రాఫిక్స్ చిప్ 86కి చేరాయి. ఈ ప్రాసెసర్‌కి తయారీ కంపెనీ ఏఎండీ పెట్టిన హద్దు 95. అక్కడికి రాగానే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. 60 దాటి ఉన్న ఫ్రేములు (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) 45కి పడటం, మళ్ళీ లేవడం, మళ్ళీ పడటం. సగటు అంకె చూస్తే ఫర్వాలేదు అనిపిస్తుంది కానీ, ఆడుతున్నప్పుడు ఆ కుదుపు ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది.

ఎఫ్ కీల పైన ఒక మెటల్ పట్టీ ఉంది. దాని మీద వేలు పెడితే రెండు సెకన్లు కూడా ఉంచలేకపోయాను. ఎడమచెయ్యి ఎప్పుడూ ఉండే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీలు కూడా వేడెక్కాయి. మెటల్ బాడీ చూడటానికి బాగుంటుంది కానీ, అదే డిగ్రీల దగ్గర ప్లాస్టిక్ కంటే ఎక్కువగా చురుక్కుమంటుంది, వేడిని చర్మంలోకి త్వరగా పంపుతుంది కాబట్టి. ఫ్యాన్ల మోత విని వంటింట్లోంచి అమ్మ వచ్చి, "ఏంట్రా ఆ చప్పుడు, అది పేలిపోదు కదా?" అంది. ఆ రోజు నాకూ టెన్షన్ పట్టుకుంది.

అప్పుడు తమ్ముడి మెషీన్ పక్కన పెట్టి చూశాను. వాడిదీ ఆర్‌టీఎక్స్ 3060నే, కానీ రెండున్నర కిలోలు, ఇటుకంత మందం. ఒకే గేమ్, ఒకే సెట్టింగులు: నాకు సగటున 62 ఫ్రేములు, వాడికి 74. చిప్ పేరు ఒకటే అయినా కరెంటు వేరు. లోపల చిప్ తాగే ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటికి రావాలి. అందుకే దీన్ని తయారుచేసే ఎన్‌విడియా ఈ చిప్‌ని 60 నుంచి 115 వాట్ల వరకు ఎక్కడైనా పెట్టుకోమని తయారీదార్లకు వదిలేసింది. నా దాంట్లో 80, వాడి దాంట్లో 115. సన్నటి పెట్టెలో వేడిని గాలికి వదిలే రేకులు చిన్నవి, ఫ్యాన్ రెక్కలు పల్చన, గాలి వచ్చే సందు ఇరుకు. 80 వాట్లు పెట్టడం తప్పని నేను అనను. ఆ సంగతి డబ్బా మీద పెద్దక్షరాల్లో రాయకపోవడమే నాకు నచ్చలేదు.

ఆ మే నెలంతా సెట్టింగులతోనే గడిపాను. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ప్రాసెసర్ బూస్ట్, అంటే అది అవసరాన్ని బట్టి మామూలు వేగం కంటే పైకి ఎగబాకడం, ఆపేయడం. విండోస్ పవర్ ఆప్షన్లలో ఇది మామూలుగా కనబడదు, రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా) ఒక విలువ 1 నుంచి 2 చేస్తే బయటపడుతుంది. బూస్ట్‌తో 4.7 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకే ప్రాసెసర్ అప్పుడు 3.2 దగ్గర ఆగిపోతుంది. మూడో వంతు వేగం పోయిందని భయం వేస్తుంది కానీ, గేమ్‌లో సగటు 62 నుంచి 60కి తగ్గింది, అంతే. వేడి మాత్రం 95 నుంచి 76కి దిగింది. వేగం పెరగాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, వోల్టేజీ పెరిగితే వాట్లు దాని వర్గంతో పెరుగుతాయి. ఆ చివరి మెట్టు ఎక్కడానికే కరెంటంతా తగలేస్తోందన్నమాట. పైగా నా మెషీన్లో రెండు చిప్‌లకీ వేడిని మోసే రాగి గొట్టాలు ఉమ్మడి. ప్రాసెసర్ చల్లబడితే గ్రాఫిక్స్ చిప్‌కీ ఊపిరి ఆడింది. ఫ్రేములు నిలకడగా వచ్చాయి, కుదుపు పోయింది. పోటీ షూటర్ గేముల్లో 200 ఫ్రేములు కావాలనుకునేవాళ్ళకి మాత్రం ఈ చిట్కా పనికిరాదు, అక్కడ ప్రాసెసర్ వేగం నిజంగానే కావాలి.

రెండోది గ్రాఫిక్స్ చిప్‌కి అండర్‌వోల్ట్, అంటే అదే వేగానికి తక్కువ వోల్టేజీ ఇవ్వడం. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే గీత ఉంటుంది. అందులో 0.8 వోల్టుల దగ్గర 1,700 మెగాహెర్ట్జ్ పెట్టి, అక్కడి నుంచి గీతని అడ్డంగా చదును చేశాను. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. 80 వాట్ల హద్దుకి కొట్టుకుంటున్న చిప్‌కి ఒక్కో మెగాహెర్ట్జ్ ఖర్చు తగ్గిస్తే, అదే వాట్లలో ఇంకొంచెం వేగం వస్తుంది. పోయిన రెండు ఫ్రేములూ అలా తిరిగొచ్చాయి. మందపాటి మెషీన్ల కంటే సన్నవాటికే దీని లాభం ఎక్కువ. చిప్‌కీ చిప్‌కీ తేడా ఉంటుంది కాబట్టి నా అంకెలే పెట్టేయకండి, ఒక్కో మెట్టు దించుతూ గేమ్ ఆగిపోతోందేమో చూసుకోండి.

కూలింగ్ ప్యాడ్ కొన్నాను, మూడు డిగ్రీలు తగ్గింది. వెనకవైపు రెండు సీసా మూతలు పెట్టి లేపినా అంతే తగ్గింది.

ఏడాదిన్నర తర్వాత అంకెలు మళ్ళీ పెరిగాయి. అడుగు మూత విప్పితే ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య దుమ్ము దూదిపొరలా పేరుకుపోయి ఉంది. వేలితో పట్టి లాగితే ముక్కగా ఊడొచ్చింది. రెక్కలు తిరగకుండా వేలితో ఆపి, బ్రష్‌తో మిగతాది తుడిచాను. చిప్ నుంచి వేడిని రాగికి అందించే పేస్ట్ మాత్రం ఒక రిపేరు షాపులో మార్పించాను. నాలుగు నెలలు బాగుంది, తర్వాత మళ్ళీ అదే వేడి. ల్యాప్‌టాప్ చిప్ మీద డెస్క్‌టాప్ చిప్‌కి ఉన్నట్టు మెటల్ మూత ఉండదు, రోజూ వేడెక్కి చల్లారుతూ ఉంటే పల్చటి పేస్ట్ మెల్లగా అంచులకి జరిగిపోతుంది. రెండోసారి నేనే విప్పి ఫేజ్ చేంజ్ షీట్ పెట్టాను. అది మామూలుగా గట్టిగా ఉంటుంది, 45 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడి సందుల్లోకి సర్దుకుంటుంది, అలా పక్కకి జారదు. పెట్టి ఏడాది దాటింది, అంకెలు కదల్లేదు.

నాకు పెద్ద దెబ్బ తగిలింది బ్యాటరీ దగ్గర. మూడో వేసవిలో టచ్‌ప్యాడ్ నొక్కుడు గట్టిపడింది. ముందు ఎడమ మూల, తర్వాత మొత్తం. స్ప్రింగ్ పోయిందేమో అనుకుని వారం రోజులు అలాగే వాడాను, అది నేను చేసిన పెద్ద తప్పు. మూత విప్పితే బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని కింది నుంచి ఎత్తేస్తోంది. రెండున్నరేళ్ళు ఛార్జర్ తియ్యకుండా, నూటికి నూరు శాతం నింపి, ఆ వేడిలోనే ఉంచాను. లిథియం బ్యాటరీకి ఆ రెండూ కలిస్తే అంతకు మించిన కీడు లేదు. వెంటనే వాడటం ఆపి, కొత్తది వేయించాను. ఇప్పుడు 80 శాతానికి ఆగేలా పెట్టుకున్నాను. టచ్‌ప్యాడ్ గట్టిపడినా, మూత అంచు కాస్త లేచినట్టు కనబడినా దయచేసి ఆ రోజే విప్పి చూపించండి.

మొన్న మా బావమరిది కొత్త ల్యాప్‌టాప్ కొంటానంటే షాపుకి వెళ్ళాం. రెండు మెషీన్లు పక్కపక్కనే, రెండిట్లోనూ ఆర్‌టీఎక్స్ 4060. డెమో పీసుల్లో ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ చూపించాను. ఒకదాంట్లో 75 వాట్లు, ఇంకోదాంట్లో 140. "అయితే రెండోది రెట్టింపు వస్తుందా బావా?" అన్నాడు. రాదు, 4060 సుమారు 100 వాట్లు దాటాక వాట్లు ఎంత పెంచినా పెద్దగా కదలదు. వాడు హాస్టల్లో టేబుల్ మీదే ఆడతాడు, పండక్కీ సెలవులకీ తప్ప మోయడు. అందుకని మందంగా ఉన్నదే తీసుకోమన్నాను. నేనైతే మళ్ళీ కొన్నా సన్నదే కొంటాను, రైలు ప్రయాణం ఇంకా తప్పలేదు కాబట్టి. బూస్ట్ మాత్రం మొదటి రోజే ఆపేస్తాను, ఛార్జింగ్ హద్దూ ఆ రోజే పెడతాను.