మసాలా, నారింజ తొక్క కలిపిన హెర్బల్ టీలు: ఏడాదిన్నర వాడాక

వాడినవి మూడు రకాలు. నారింజ తొక్క, దాల్చినచెక్క, లవంగం కలిపినది ఒకటి. నిమ్మ తొక్క, శొంఠి, నిమ్మగడ్డి ఇంకొకటి. ఎర్రగా దిగే హైబిస్కస్, నారింజ, యాలకులది మూడోది. మూడూ డబ్బాల్లో ముక్కలుగా వచ్చేవే, టీబ్యాగులు కావు. తేయాకు లేదు కాబట్టి వీటిలో కెఫీన్ ఉండదు. అలాగని హెర్బల్ అన్న పేరొక్కటే చూసి కొనెయ్యకండి. యెర్బా మాటే అనే దక్షిణ అమెరికా ఆకు కలిపితే కెఫీన్ వచ్చి చేరినట్టే.

డబ్బా మీద "మరిగే నీళ్లు పోసి 5 నిమిషాలు ఉంచండి" అని ఉంటుంది. దాల్చినచెక్క రకానికి ఈ లెక్క కుదరదు. 5 నిమిషాలకు లవంగం ఘాటు దిగిపోతుంది, తొక్క వాసన కూడా వస్తుంది, చెక్క ముక్క మాత్రం అప్పుడప్పుడే నానుతూ ఉంటుంది. పోనీ అని పావుగంట వదిలేస్తే తొక్క లోపలి తెల్లపొరలోని చేదంతా నీళ్లలోకి దిగుతుంది. త్వరగా దిగేవీ, నిదానంగా దిగేవీ ఒకే డబ్బాలో పోసి ఒకే టైము రాయడంతోనే వచ్చింది తిరకాసు.

దీనికి కుదిరిన పద్ధతి ఇది. ఒక కప్పుకు 3 గ్రాముల మిశ్రమం తీసుకుని, అందులోంచి చెక్క, లవంగం వేరు చేయాలి. వాటిని 250 మి.లీ. నీళ్లలో వేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద 7 నిమిషాలు మరగనివ్వాలి. దించి ఒక నిమిషం ఆగి, తొక్కలూ మిగతావీ వేసి, మళ్లీ మూత పెట్టి, 4 నిమిషాలకు వడగట్టాలి. ఆ మూత తీసేటప్పుడు లోపలివైపు అంటుకున్న చుక్కలను పారబోయకుండా గిన్నెలోకే విదిలించండి. తొక్క సువాసన ఆవిరితో పైకి పోయి అక్కడే చేరుతుంది. కప్పులో పోశాక వెలుతురుకు వంచి చూస్తే పైన సన్నగా నూనె మెరుపు కనిపించాలి. అది కనిపించకపోతే తొక్క పాతబడిందన్నమాట. ఆ నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్. థర్మాకోల్‌ను కరిగించే గుణం దానికుంది, కాబట్టి ఆ కప్పుల్లో ఈ టీ పోయకపోవడమే మంచిది.

చెంచా కొలత బాగా మోసం చేస్తుంది. చెక్క, తొక్క ముక్కలు చెంచాడు తీస్తే 3 గ్రాములు దాటుతాయి, పూలూ ఆకులూ ఎక్కువుంటే 1 గ్రాము కూడా తూగవు. పైగా డబ్బా కదిలినకొద్దీ లవంగాలూ శొంఠి పలుకులూ అడుక్కి జారి, పెద్ద ముక్కలు పైకి తేలతాయి. అందుకే కొత్త డబ్బా మొదట్లో చప్పగా, చివర్లో నోరు మండేలా ఉంటుంది. డబ్బా ఊపితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. వెడల్పాటి పళ్లెంలో పోసి చేత్తో కలిపి, వారానికి సరిపడా చిన్న పొట్లాలు కట్టుకోవాలి.

కొనేముందు, లేదా డబ్బా తెరవగానే, ఒక తొక్క ముక్క విరిచి చూడండి. టక్కున విరిగితే సరిగ్గా ఎండినట్టు. తోలులా వంగితే తడి ఉన్నట్టు, అది నెల తిరిగేలోపు ముద్దకడుతుంది, బూజు కూడా పట్టవచ్చు. తెల్లపొర మందంగా ఉన్న సరుకు ఎలా కాచినా చేదే. చెక్క పొడిగా కలిపిన రకాలు అసలు వద్దు, నీళ్లు జిగురుగా తయారై జాలీ మూసుకుపోతుంది.

హైబిస్కస్ రకానికి మరిగించే పనే లేదు. ఇందులో వేసేది పెరటి మందారం కాదు, గోంగూర జాతి మొక్క పువ్వు అడుగున ఉండే కండగల ఎర్ర రక్షకపత్రాలు. వేడినీళ్లు పోసి 5 నిమిషాలు మూతపెడితే చాలు. ఉప్పునీళ్లతో, అంటే సున్నం ఎక్కువుండే బోరునీళ్లతో, చేస్తే ఎరుపు మందగించి ఊదా రంగులోకి తిరుగుతుంది, నాలుగు చుక్కల నిమ్మరసం పడగానే మళ్లీ వెలుగుతుంది. పులుపు వల్ల పాలు పోస్తే విరిగిపోతాయి. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలో గాజో వాడండి.

శొంఠి రకం మూడింటిలోకీ తేలిక, 8 నిమిషాలు నానబెట్టినా చెడదు. ఒకటే పేచీ: చక్కెర లేదని రాసి ఉన్నా తియ్యగా తగిలితే పదార్థాల జాబితాలో అతిమధురం ఉందేమో చూడండి. రోజూ ఎక్కువగా తాగితే అది బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. గ్రేప్‌ఫ్రూట్ (ఇది ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు) తొక్క ఉన్న మిశ్రమాలను కొలెస్ట్రాల్‌కో బీపీకో మందులు వాడేవాళ్లు డాక్టరును అడగనిదే ముట్టకూడదు. కొన్ని మందుల మోతాదును అది ఒంట్లో పెంచేస్తుంది. దాల్చినచెక్క విషయంలోనూ రకం చూసుకోవాలి. మందంగా, ఒకే చుట్టగా ఉండే కాసియాలో, ఎక్కువైతే కాలేయానికి హాని చేసే కౌమరిన్ ఎక్కువ; పల్చటి పొరలు పొరలుగా చుట్టుకున్న సిలోన్ చెక్కలో చాలా తక్కువ. రోజుకు రెండు కప్పులు తాగేవాళ్లు రెండోదే ఎంచుకోండి, మొదట్లో దాని ఘాటు చాలనట్టు అనిపించినా.